పడుగుకు రెండు కొసలు

పాఠం చెప్పినందుకు ఏడవాల్సి వస్తుందని నాకెవరూ ముందుగా చెప్పలేదు.

రామన్నపేట డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. ఇంటి దగ్గర మగ్గానికి పడుగు చాపే పొద్దున మాత్రం నా పని వీధి నడుమ నిలబడి కేకేయడం. గంజి పట్టించిన నూలు వీధి పొడవునా ఉంటుంది. ఒక కొస మా బాపు గండయ్య చేతిలో, రెండో కొస ఆయన తమ్ముడు, మా చిన్నాయిన మారయ్య చేతిలో. నేను "హో" అనగానే ఇద్దరూ ఒక్కసారే గుంజాలి. ఎవరైనా ముందు గుంజితే పోగులు తెగుతాయి. అన్నదమ్ములు వేరుపడి చాలా కాలమైంది. కలిసి చేసే పని ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతే ఇక పలకరింపులు కూడా ఉండవని మా అందరికీ తెలుసు.

ఆ రోజు నేను హో అన్నాను. పోగులు పుటుక్కున తెగాయి.

"నువ్వే ముందు గుంజినవ్ రా!" అన్నాడు బాపు.

"నేనా? నీ చెయ్యి ఆగితే గద అన్నా!" అన్నాడు చిన్నాయిన.

"ఇద్దరు ఒక్కసారే గుంజిన్రు. నడుమల్నే ఉన్న, నా కండ్లతోని చూసిన. నూలే మంచిగ లేదు" అన్నాను.

గొడవ అక్కడితో సద్దుమణిగేది. కానీ చిన్నాయిన కొడుకు ప్రమోద్ నా క్లాసులోనే చదువుతున్నాడు. పరీక్షలో గుర్తురాని సాపేక్షత పాఠం వాడికి అప్పుడే గుర్తుకు రావాలా!

"అక్కా, ఒక్కసారే అనేది అందరికి ఒక్కతీరుగ ఉండదని నిన్న నువ్వే చెప్పినవ్ గద? రైల్ల పోయెటోనికి ఒకటి ముందు, ఒకటి ఎనుక అయితదని?"

అన్నదమ్ములిద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"గట్లనా? అయితే నా లెక్కల నువ్వే ముందు" అన్నాడు బాపు.

"నా లెక్కల నువ్వే ముందన్నా. సదువుకున్న పిల్లనే చెప్పింది" అన్నాడు చిన్నాయిన.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీకో దండం! గది దగ్గరదగ్గర ఎలుతురంత జోరుగ ఉరికెటోని లెక్క. ఆలస్యంగ కనవడుడు గాదు, వానికి నిజంగనే తేడా వస్తది. మీరు ఉరుకుతున్నరా? ఇద్దరు గీ గల్లీల్నే నిలవడ్డరు. నిలవడ్డోళ్లందరికి ఒక్కటే లెక్క. మీకు తేడా రానే రాదు!"

"రాదంటవేంది? నాకొచ్చింది" అన్నాడు బాపు.

ప్రతి ఏడూ ఈ ముక్క దగ్గరే నా తల పగులుతుంది. ఎవరికి తోచింది వాళ్లకు నిజమని రాసి పెడతారు పిల్లలు. వాళ్లకైతే మార్కులు కోస్తాను. వీళ్లకేం కోయను?

"ఇగ నీతోని పొత్తు నడ్వది" అన్నాడు చిన్నాయిన.

"మంచిది" అన్నాడు బాపు.

అన్నారే గానీ ఎవరూ కొస వదలలేదు. ముందు వదిలినవాడే పొత్తు తెంపినవాడవుతాడు. ఎండ ఎక్కింది. గంజి ఆరి నూలు బిరుసెక్కుతోంది. ఎవరో ఒకరు మెత్తబడకపోతారా అని పిచ్చిగా ఆశపడ్డాను.

"హారికా," అన్నాడు బాపు, నావైపు చూడకుండా. "హో అని పిలువు. ఇద్దరం ఒక్కసారే ఇడుస్తం."

చిన్నాయిన తలూపాడు. పొద్దుటి నుంచి వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

"నేను పిలువ."

"పిలువు బిడ్డా. చేతులు గుంజుతున్నయి."

ఏడుపు గొంతుతోనే హో అన్నాను. రెండు కొసలూ నేలమీద పడ్డాయి.

ఎవరు ముందని ఈసారి ఎవరూ అడగలేదు.