నీలం వైపు

ఆ ఉదయం తూర్పున మబ్బు చిలుము పట్టిన రాగిరంగులో ఉంది. జీడితోటలో ఒక్క ఆకు కదలడం లేదు. యువరాజు మంచినీళ్ళ డబ్బా భుజాన మోసుకొచ్చేసరికి వదిన నీలమ్మ వాకిట్లో చేపల తట్ట కడుగుతోంది.

"మీ అన్న తెప్పేసుకుని ఎల్లిపోనాడు," అంది.

"ఈ మబ్బులోనా? ఎవులూ తెప్ప దింపనేదు గదొదినా!"

"అదే అన్నాను. నువ్వు నీళ్ళకెల్లినప్పుడు నీ తెర సూసీసి, నీలంగా ఉన్నాదన్నాడు. పడవెక్కితే కక్కీవోడివి, నువ్వు మాకు గాలి సెప్తన్నావు," అని నవ్వింది.

నిజమే. సముద్రం పడక చదువులో పడ్డవాడు యువరాజు. ఎక్కడో ఉన్న పరిశోధనశాలకు ఇంటినుంచే కంప్యూటర్లో గాలుల లెక్కలు నడుపుతాడు. రోజూ వేకువన సముద్రం గాలిని అదే తెరమీద అన్న ఎల్లాజీకి చూపిస్తాడు. ఎరుపైతే ఆగాలి, నీలమైతే వెళ్ళొచ్చు. అన్నదమ్ముల మధ్య ఉన్న మాట అంతే.

గదిలోకెళ్ళి చూశాడు. తెరమీద ఉన్నది మన సముద్రం కాదు. పరిశోధనశాల కోసం రాత్రినుంచి నడుస్తున్న లెక్క. ఏదో చుక్కకు మరీ దగ్గరగా తిరుగుతూ మరిగే పెద్ద గ్రహం. కాలు మోపడానికి నేల లేదు. దానికి ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే. పగటికి ఎరుపు, రాత్రికి నీలం వేసింది తనే. ఇప్పుడు తెరనిండా రాత్రి పక్కే. పగటి వేడికి ఆవిరైన రాయి మబ్బు కట్టే చోటు ఆ నీలం. అక్కడ గాలికి ఆగడం తెలియదు.

అన్నకు ఫోను చేశాడు. అది ఇంట్లోనే, కిటికీలో మోగింది.

ఎండ రావలసిన వేళకు గాలి లేచింది. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగాయి, తెరమీద గాలి దిక్కు చూపే బాణాల్లాగే. ఒడ్డుకూ ఇంటికీ తిరిగి తిరిగి, చివరికి యువరాజు లెక్కను ఆపేశాడు. తెర నల్లబడింది. బయట చెట్లు అలాగే వంగి ఉన్నాయి.

పొద్దు వాలేవేళ తెప్ప తనంతట తానే ఒడ్డుకొచ్చింది. మీద ఎవరూ లేరు. ఎల్లాజీ తలగుడ్డ ఒకటి దాని తాడుకు చుట్టుకుని ఉంది.

పక్కింటి పైడితల్లి అన్నం తెచ్చి పెట్టింది. "రెండు ముద్దలు తినండి. తెల్లారితే ఎతకాల గదా."

నీలమ్మ మరిది వైపు చూసింది. "ఎప్పుడూ తప్పు సెప్పని తెర. ఇయ్యాలేటైనాది, యువరాజూ?"

"అది మన సముద్రం కాదొదినా."

ఏ సముద్రమని ఆమె అడగలేదు. అతని కంచంలో అన్నం పెట్టి, తనూ పెట్టుకుంది. ఇద్దరూ తిన్నారు. దీపం వెలుగులో, నల్లటి తెరమీద, పొద్దున నీలం ఉన్న చోట, ఉప్పు ఆరి తెల్లబడ్డ అన్న వేలిముద్ర ఒకటి కనబడుతోంది.