ఓడలో చెల్లే నోట్లు

ఓడ ప్రయాణంలో అది ఆఖరి పొద్దు. ఒళ్ళు హూనమై ఆవిడ మంచం అంచున కూలబడి పెట్టె సర్దుతోంది. భర్త మాత్రం దిగిన ప్రతి రేవులోనూ మిగిలిన చిల్లర నాణేలన్నీ ఓ సంచిలో పోసి ముడి వేశాడు.

"గది సర్దే అతనికి ఇవి ఇచ్చేద్దాం. మన బరువూ దిగుతుంది, బహుమానం ఇచ్చినట్టూ ఉంటుంది."

"దేవుడికి వాడిన పూలు పెడతామా ఏంటండీ? ముందు అతన్ని అడుగుదాం."

అంతలో తువాళ్ళ కట్టతో అతనే వచ్చాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ గదిని అద్దంలా ఉంచిన మనిషి. కళ్ళు నిద్రలేక పీక్కుపోయి ఉన్నాయి.

"తమ్ముడూ, ఏ దేశం డబ్బిస్తే నీకు పనికొస్తుంది?"

"మీరేమిచ్చినా సంతోషమేనమ్మా."

"మొహమాటం కట్టిపెట్టి నిజం చెప్పు."

అతను కాస్త తటపటాయించాడు. "ఈ ఓడలో చెల్లే నోట్లయితే ఇంటికి పంపుకుంటానమ్మా. పరాయి నాణేలు ఎవరూ మార్చరు. పారేయడానికేమో చేతులు రావు. నా మంచం కింద డబ్బా నిండిపోయింది."

భర్త సంచిని మెల్లగా వెనక్కి దాచాడు. ఓడలోని దుకాణంలో అత్తరు సీసా కొనడానికి అట్టేపెట్టుకున్న నోట్లు ఆయన జేబులో ఉన్నాయని ఆవిడకు తెలుసు. ఆయన వంక చూసింది. ఆయన నిట్టూర్చి, వాటిని తీసి అతని చేతిలో పెట్టాడు. అతను దండం పెట్టి, తువాళ్ళెత్తుకుని పక్క గదికి వెళ్ళాడు.

"మరి ఈ చిల్లరో?"

"పోగేసింది మీరేగా, మీరే మొయ్యండి."

ఇదివరకటి ప్రయాణాల్లో తామిచ్చిన చిల్లర ఎవరి మంచాల కింద పడి ఉందో అనుకుంటూ ఆవిడ పెట్టె మూసింది.