చెంప మీది గాటు

కుంచె మొనను పెదవుల మధ్య సూదిలా చేసుకుని, ఆమె చక్రవర్తి ఇనుప కిరీటానికి నలుపు పెట్టసాగింది. బొమ్మల పుస్తకంలో పెన్సిలు గీతల మీద సిరా దిద్దడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల. మధ్యవేలి మీది కాయలోకి సిరా ఇంకి, ఎంత రుద్దినా పోని మచ్చయింది. వచ్చే నెల నుంచి ఆ పని కంప్యూటరుది. ఇవాళే ఆఖరి రోజని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కథ ఆకాశంలో జరుగుతుంది. గ్రహాలను మింగే ఉక్కు చక్రవర్తి, అతని కూతురు. ఆ పిల్ల ఎడమ చెంప మీద కంటి నుంచి దవడ దాకా గాటు. పాఠకులు మనసు పారేసుకున్నది ఆ గాటు చూసే.

నిజానికది కుంచె జారి పడ్డ గీత. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పేజీ ప్రెస్సుకు వెళ్లే వేళ జారింది. భయంతో, "వాళ్ల నాన్న కత్తి నేర్పుతుంటే తగిలిందండీ" అని అబద్ధమాడేసింది. రచయిత ఎగిరి గంతేశాడు. కథంతా ఆ అబద్ధం మీదే నడిచింది. ఆడపిల్ల మొహం తానే పాడుచేశానని ఆమె బాధ. గాటు దిద్దే ముందు ప్రతిసారీ కుంచె కర్రను కాసేపు పళ్లతో కరిచి పట్టుకునేది.

ఇప్పుడు ఆ కథే సినిమాగా వచ్చింది. అందులో కూతురు తండ్రి మీదికొచ్చిన దెబ్బకు అడ్డుపడి చనిపోయింది. కాబట్టి పుస్తకంలోనూ చనిపోవాలి.

బొమ్మల నోటి దగ్గరి బుడగల్లో మాటలు రాసే పెద్దాయన పక్క బల్ల నుంచి తొంగిచూశాడు.

"ఏం చెల్లెమ్మా, నా మేనకోడల్ని సాగనంపేస్తున్నావా?"

"నేనెవర్ని అన్నయ్యా, పైవాళ్లు పంపుతున్నారు. ఆఖర్న ఏమంటుంది?"

"'నాన్నా' అంటుంది. గుండెల్లో అంత చిల్లి పడ్డాక ఉపన్యాసం ఇస్తుందా ఏంటి?"

ఎడిటరు హడావిడిగా వచ్చాడు. ఆమెకన్నా చిన్నవాడు.

"అక్కా, నాలుగింటికి కావాలి. గాటు బాగా కనపడాలి."

"బతికించే దారే లేదా బాబూ?"

"చెడ్డవాడి కూతురక్కా! పోతేనే కథకి అందం."

"చెడ్డవాడి కూతురైతే?" అంది ఆమె.

ఆమె తండ్రి కూడా వీధంతా తిట్టుకున్న మనిషే. నోరు విప్పితే బూతు, చెయ్యెత్తితే దెబ్బ. ఆయన మంచం పట్టిన ఏడేళ్లూ తుడిచి, తినిపించి, రాత్రిళ్లు ఆ మంచం పక్కనే పేజీలు దిద్దింది. పెళ్లి ఊసు ఆ ఏడేళ్లలోనే పాతబడింది. ఆయన పోయేదాకా ఒక్క మంచిమాటా అనలేదు.

ముందు విరిగిన కవచం దిద్దింది. తర్వాత జుట్టు. పాత టూత్‌బ్రష్‌తో తెల్లరంగు చిలకరించి నక్షత్రాలు వేసింది. మొహం మిగిలింది. కుంచె కర్రను పళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత రబ్బరు తీసి, పెన్సిలు గాటును మెల్లగా చెరిపేసింది. మూసిన రెండు రెప్పలూ దిద్దింది.

పేజీని పెద్దాయన బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుంది.

"వస్తానన్నయ్యా."

"మంచిదమ్మా."

నాలుగింటికి ఎడిటరు పేజీ చూసి అదిరిపడ్డాడు. "గాటేదీ?"

పెద్దాయన తలెత్తలేదు. "మానినట్టుంది బాబూ."

ఎడిటరు గబగబా ఆమె బల్ల దగ్గరకెళ్లి, సిరా బుడ్డి మూత తిప్పి, కుంచె అందుకున్నాడు. ఒక్క గీత చాలు. పేజీలో పదహారేళ్ల పిల్ల నిద్రపోతున్నట్టుంది. గుమ్మంలో ప్రెస్సు మనిషి దగ్గాడు. ఎడిటరు కుంచె ముంచకుండానే కింద పెట్టి, మూత బిగించి, పేజీ అతని చేతికిచ్చేశాడు.

కుంచె బల్ల మీదే ఉండిపోయింది. శుభ్రంగా కడిగిన మొన, రంగు ఊడిన కర్ర, దాని మీద ఇరవై రెండేళ్ల పంటిగాట్లు.