సూదమ్మకు సూది

ఊళ్లో సూదమ్మ చేతి సూది తగలని ఒళ్లు లేదు. ఆమె ఏ కాలేజీ గడపా తొక్కలేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, వారానికోసారి వచ్చే డాక్టరుగారి సంచి మోస్తూ, ఆయన చేతుల వంక కన్నార్పకుండా చూసి పని నేర్చుకుంది. సాధనంతా ఇంట్లో వంకాయల మీదే. ఆ రోజుల్లో తను తిన్న కూరల గురించి మొగుడు ఇప్పటికీ సణుగుతాడు.

ఆమెదొక పద్ధతి. మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, "మీ అత్త ఎలా ఉంది?" అంటుంది. అవతలివాళ్లు కడుపులో ఉన్నదంతా కక్కేలోగా సూది దిగడం, బయటికి రావడం కూడా అయిపోతుంది. మగవాళ్లనైతే గట్టు తగాదా అడుగుతుంది.

అలాంటి సూదమ్మ ఓ పొద్దున తన వాకిట్లోనే తుప్పు పట్టిన మేకు తొక్కింది. అదీ వడ్రంగి కళ్లెదుట. పోయిన నెల ఇలాగే మేకు దిగితే, భయంతో నిచ్చెనెక్కిన అతన్ని కిందికి దింపి మరీ పొడిచింది ఆమె.

"ఇవాళే ఇంజెక్షన్ పడాలిగా, సూదమ్మా?" అన్నాడతను, మొహం వెలిగిపోతుండగా.

సూదమ్మకు సూదంటే చచ్చేంత భయం. ఆ సంగతి బయటపడితే రేపు ఆమె కేకకు బల్లెక్కేదెవరు?

వడ్రంగి పుణ్యమా అని కిటికీ నిండా తలకాయలే. కోడలు సిరంజితో వచ్చింది. రెండేళ్లుగా పని నేర్పమని వెంటపడుతున్నా, 'నీది మొరటు చెయ్యి' అంటూ సూదమ్మ ఆ పిల్లకు దూది తప్ప ఏమీ అందనివ్వలేదు. ఇప్పుడు గతి లేదు.

"అత్తయ్యా, మీ అత్తగారు ఎలా ఉండేవారు?"

"నా దగ్గరా నీ వేషాలు!" సూదమ్మ చెయ్యి లాక్కుంది.

కోడలు తాపీగా దూది తడిపింది. "మొన్న మీరు ఊళ్లో లేనప్పుడు దర్జీ పిన్నికి నేనే వేశాను. నీ చెయ్యి మీ అత్త కంటే తేలికే అంది."

"ఎవరూ, అదా! చీమ కుట్టినా ఊరు ఏకం చేసే మనిషి! దాని మాట పట్టుకుని నువ్వు నాతో..."

"అయిపోయిందత్తయ్యా."

సూదమ్మ జబ్బ తడిమి చూసుకుంది. నిజంగానే ఏమీ తెలియలేదు.

"ఆ పిన్నికి నిజంగా వేశావా?"

"లేదత్తయ్యా. మనిషికి వెయ్యడం ఇదే మొదలు."

"మరి ఇన్నాళ్లూ దేని మీద నేర్చుకున్నావు?"

లోపల్నించి సూదమ్మ మొగుడి గొంతు వినిపించింది. "నాకు తెలుసు! వంకాయ కూర మళ్లీ అలా ఎందుకు ఉంటోందో!"

కిటికీ అవతల ఒకటే నవ్వులు. సూదమ్మ కూడా ఆపుకోలేకపోయింది. ఆనక కళ్లు తుడుచుకుని, మందుల పెట్టె కోడలి ఒళ్లో పెట్టింది.

"ఇక కానియ్యి, పిలువు. తర్వాత ఎవరు?"

కిటికీ ఒక్క క్షణంలో ఖాళీ అయింది.