మేక మింగని తొమ్మిది సెకన్లు

నేను ఒక ఎడిటింగ్ మెషిన్ మీది చక్రాన్ని. చక్రమంటే బండి చక్రం అనుకునేరు, అరచేతిలో పడతాను. పైన వేలు ఆనించి తిప్పడానికి చిన్న గుంట ఉంటుంది. కుడికి తిప్పితే టేపు ముందుకు, ఎడమకు తిప్పితే వెనక్కి. జపాన్‌లో పుట్టి, ఓడెక్కి, హైదరాబాదులో ఒక టీవీ చానల్ వాళ్ల కిటికీ లేని గదిలోకి వచ్చిపడ్డాను. అక్కడ ఏసీ పెట్టింది మా మెషిన్ కోసమే. మనుషులు మా పేరు చెప్పుకుని చల్లబడేవారు.

మొదట్లో ఎవరెవరో తిప్పారు. మిరపకాయ బజ్జీ తిని చెయ్యి కడుక్కోకుండా తిప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పను, ఇప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నారు. చివరికి డాక్యుమెంటరీలు కూర్చడానికి కాత్యాయని వచ్చింది. పద్నాలుగేళ్లు ఆవిడ చూపుడువేలు నా గుంటలోనే ఉంది. తెర మీది మగ్గంవాళ్లూ పడవవాళ్లూ ఆవిడకు చుట్టాలకంటే బాగా తెలుసు. వాళ్లకు మాత్రం ఈవిడెవరో తెలియదు. ఒకసారి బస్టాండులో ఒక పడవాయన కనిపిస్తే, "మోకాలి నొప్పి తగ్గిందా బాబాయ్?" అని అడిగి, ఆయన బిత్తరపోయి చూస్తే నాలుక కరుచుకుందట.

మా ప్రోగ్రామ్ హెడ్ శేషగిరి గారు. ఏది చూపించినా ఒక్క షాటన్నా తీసేయించకపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకే కాత్యాయని, కట్టే ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీసినట్టు, ప్రతి డాక్యుమెంటరీలోనూ కావాలని ఒక పనికిమాలిన షాటు పెట్టేది. దానికి దిష్టి షాటు అని పేరు. ఆయన అది తీసేయించి తృప్తిగా వెళ్లేవారు, మిగతాది క్షేమంగా ఉండేది.

ఒకసారి ఉప్పుమడుల మీద డాక్యుమెంటరీ వచ్చింది. అందులో నూకమ్మ అనే ముసలామెను, నలభై ఏళ్లు ఉప్పు తీశావు, నీకేం మిగిలిందని అడుగుతారు. ఆమె పగిలిన చేతులకేసి చూసుకుంటూ తొమ్మిది సెకన్లు ఏమీ మాట్లాడదు. అది చూసి కాత్యాయని కళ్లు తుడుచుకుంది. ఆ తొమ్మిది సెకన్లు పోతే ఈ ఉద్యోగమెందుకని నా ముందే అనుకుంది. వాటికి కాపలాగా, ప్రశ్నల కాగితం నములుతున్న మేకను దిష్టి షాటుగా పెట్టింది.

శేషగిరి గారు చూశారు. పొట్ట పట్టుకుని నవ్వారు.

"మేక అద్భుతం అమ్మా! ఇంకాస్త పెంచు. చోటు చాలకపోతే ఆ ముసలామె ఊరికే కూచుంది చూడూ, అక్కడ కోసెయ్."

దిష్టిబొమ్మే ఇంటికి యజమాని అయి కూచుంది. ఖర్మ!

కాత్యాయని ఆ పూటంతా నన్ను వెనక్కి తిప్పుతూనే ఉంది. నా ఒంటి మీది రబ్బరు కాస్త ఊడింది కూడా. చివరికి దొరికింది. నూకమ్మను రెండుసార్లు అడిగారు. మొదటిసారి దూరం నుంచి తీస్తుంటే మేక కాగితం తినేసిందని, మళ్లీ దగ్గరనుంచి తీశారు. మొదటిసారీ ఆమె మౌనం అదే. ఫ్రేములో ఒక పక్క మేక, మధ్యలో చేతులు చూసుకుంటున్న నూకమ్మ. దగ్గరి షాటు తీసేసి అది పెట్టింది.

శేషగిరి గారు మళ్లీ చూసి, మేక ఇప్పుడు నిండుగా ఉందన్నారు. ఆయన మేకను చూశారు. జనం నూకమ్మను చూశారు. ఆ వారం వచ్చిన ఉత్తరాల్లో మేక ఊసెత్తినవాడు ఒక్కడూ లేడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మా మెషిన్ పాత సామాన్లలోకి పోయింది. కాత్యాయని స్క్రూ విప్పి నన్నొక్కదాన్నీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అప్పటినుంచీ ఎవరైనా సుత్తి కొడుతుంటే బ్యాగులో నన్ను కుడికి తిప్పుతుంది. పాపం, ఎవరూ ముందుకు జరగరు.

మొన్న ఆవిడ రిటైర్మెంటు సభ. ఎప్పుడో రిటైరైన శేషగిరి గారిని ప్రత్యేకంగా పిలిచారు. ఆయన మైకు పట్టుకుని, ఆ మేక ఆలోచన తనదేనని మొదలుపెట్టి అరగంట చెప్పారు. నేను కుడికి తిరిగి తిరిగి అలసిపోయాను. తర్వాత, "ఈ కాత్యాయని లేని గదిలో..." అని ఆగిపోయారు. తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయారు.

సభ నడిపిస్తున్నాయన మైకు అందుకోబోయాడు.

"ఉండనివ్వండి," అంది కాత్యాయని.

ఆవిడ వేలు నా గుంటలోనే ఉంది. ఎటూ తిప్పలేదు.