కనీసం ఐదుసార్లు

దగ్గరికి జరుగు తల్లీ, సాంచాల చప్పుడులో, ఈ కరెంటు మగ్గాల మోతలో, నా మాట నీకు వినపడదు. మా మనవడి భార్య ప్రవళిక సంగతి చెబుతాను.

ఆ రోజు నేను కండెలు చుడుతున్నాను. అరవై ఏళ్ళుగా అదే పని. సాంచా నడిపే మగవాడిది పని, ఆ సాంచాకు నూలు చుట్టిపెట్టే ఆడదానిది మాత్రం ఊరికే కూర్చుని చేసేది. వంటా అంతే, బట్టలూ అంతే. మా ఆయన బతికున్నన్నాళ్ళూ "ఇంకా గాలేదా? గింత సేపేంది?" అనేవాడు. నా చేతులే మందమేమో, బుద్ధే మందమేమో అనుకునేదాన్ని.

ప్రవళిక కంప్యూటర్ చదువులో పరిశోధన చేస్తుంది. ఏం కనిపెట్టావమ్మా అంటే, నూలు ఎక్కువ తక్కువలున్న నాలుగు కండెలు నా ముందు పెట్టింది.

"నాయనమ్మా, బరువును బట్టి గివి వరుసగ పెట్టు. ఒక్కో తాపకు రెండే పట్టుకొని చూడాలె."

మొదట మూడుసార్లకే కుదిరింది. గెలిచాననుకున్నాను. ఆమె నవ్వి, కలిపి మళ్ళీ ఇచ్చింది. ఐదుసార్లు పట్టింది.

"ప్రతిసారి నాలుగుసార్లు చూస్తెనే అయితదా అంటే కాదు నాయనమ్మా. ఎంత తెలివిగలోళ్ళు చేసినా, కంప్యూటర్ చేసినా, ఒక్కోపాలి ఐదు చూడాల్సిందే. గిది రుజువైన సిద్ధాంతం. ఫోన్ల పేర్లు వరుసల పెట్టాలన్నా గసొంటిదే, గింతకన్న తక్కువల కాదనే హద్దు ఉంటది. నేను ఇంకో తీరు పనికి హద్దు రుజువు చేసిన."

గుమ్మంలో నిలబడ్డ మనవడు సుధాకర్ నవ్వాడు. "కాదని చెప్పెటందుకు నాలుగేండ్లు సదివింది! నన్నడిగితే నిమిషంల చెప్తుంటి."

"నువ్వు రోజూ కాదనే చెప్తవు. ఎందుకు కాదో ఎన్నడన్న చెప్పినవా?" అంది ప్రవళిక.

నా చేయి ఆగిపోయింది. అంటే ఇన్నేళ్ళూ నేను ఆలస్యం చేయలేదు. ఎవరు చేసినా ఆ పనికే అంత పని ఉంది.

అంతలో కొడుకు రామచంద్రం వచ్చాడు. నా మోకాళ్ళు నయమైతే కొండగట్టు ఆంజనేయస్వామి దగ్గరికి వస్తానని మొక్కుకున్నాను. ఆ మొక్కు మంగళవారమని నలభై మందిని పిలిచి వచ్చాడు. హైదరాబాదులో యూనివర్సిటీ సార్లు ప్రవళికను ప్రశ్నలడిగి పట్టా సంగతి తేల్చేదీ ఆ రోజే.

"ఇంకో రోజు పెట్టుమనరాదు? గింతమందికి ఎవలు వండుతరు?" అన్నాడు రామచంద్రం ప్రవళికతో.

"మామయ్యా, ప్రశ్నలడిగే బయటి సారు ఢిల్లీ నుంచి వస్తుండు. ఇప్పుడు తప్పితే మల్ల ఎప్పుడో."

"దేవుని కన్న ఎక్కువనా నీ సారు?"

ఆ పిల్ల కండెలు ఒక్కొక్కటే గంపలో వేయసాగింది.

"మొక్కు నాది రామచంద్రం," అన్నాను. "అంజన్నకు నేను చెప్పుకుంట. మంగళవారం గీ పిల్లతోని నేను హైదరాబాద్ పోతున్న. పిలిచింది నువ్వు. వండి పెట్టుకుంటవో, రావద్దని చెప్పుకుంటవో, నీ ఇష్టం."

వెళ్ళాం. తలుపు బయట కుర్చీలో కూర్చున్నాను. లోపలి మాటలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, చాలాసేపు ఆమె గొంతే వినిపించింది. పట్టా ఇచ్చారు.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ, మీ ఇంటి ఆడపిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు నన్ను మరీ మంచిదాన్ని చేయకు. నా బిడ్డ నర్మద ఏడో తరగతిలో లెక్కల్లో అందరికన్నా ముందుండేది. దాన్ని బడి మానిపించి కండెల ముందు కూర్చోబెట్టింది వాళ్ళ నాయన కాదు, నేనే. అది విడిచిపెట్టకుండా చెప్పు.