గోదాములో గడిచిన ఆషాఢం

"ఆషాఢం పోయేదాక నువ్వూ నేనూ ఒకటే గడప దాటొద్దు బిడ్డా" అన్నది మా అత్త యశోదమ్మ, నా చేతిలోని చాట తీసుకుంటూ. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి. కానీ ఆ ఏడు, డెబ్బై మూడులో, ఎక్కడ చూసినా గత్తర. మా పుట్టినూరు మానుకోటలో వాంతులు, విరేచనాలతో రోజుకొకరు దవాఖానకు పోతున్నారని కబురు. అందుకని జనగామ బజారులో మా దుకాణం వెనక ఉన్న గోదాము గదిలో నన్ను ఉంచారు.

నాకైతే పండగే. తెలంగాణ ఉద్యమం వల్ల ఒక ఏడాది పోయినా బీఏ పూర్తిచేసి, ఫలితాలు రాగానే పెళ్ళిపీటల మీద కూర్చున్నదాన్ని. ఇప్పుడు నాకంటూ ఒక స్టవ్వు, ఒక రేడియో, ఒక తలుపు! తాగే నీళ్ళు కాచి చల్లార్చడం కూడా ఆటలా ఉండేది. సందెవేళ మా ఆయన గోవర్ధన్ వాళ్ళమ్మకు తెలియకుండా వెనక సందులోంచి వచ్చి తలుపు మీద రెండుసార్లు తట్టేవారు.

వారం తర్వాత రుక్కి వచ్చింది. నా ఈడుదే. భివండి బట్టల మిల్లులో పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు తీసుకుపోయి బొంబాయిలో అమ్మేశాడు. రెండేళ్ళకు పోలీసులు విడిపించి పంపారు. నర్మెట్ట అవతల వాళ్ళ ఊరివాళ్ళు పొలిమేరలో వేపకొమ్మలు కట్టి, గత్తర పోయేదాక బయటివాళ్ళను రానిచ్చేది లేదన్నారు. తండ్రి మొగిలి ఒకప్పుడు మా దుకాణంలో హమాలీ. అంతదాక బిడ్డను ఉంచుకొమ్మని మామను బతిమాలాడు. కోడలికి తోడుంటుంది, బాసాన్లు తోముతుందని మామ ఒప్పుకున్నాడు. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. నేను కూడా.

రుక్కి పని చేసేది, బస్తాలకు ఆనుకుని కూర్చునేది. ఎలాగైనా నవ్వించాలనుకున్నాను. ఒక సాయంత్రం నా గులాబీ రంగు పట్టుచీర కట్టించి, జడ వేసి, పౌడరు రాసి, కనకాంబరాలు పెట్టాను. కాటుక దిద్దుతుంటే రెప్ప కూడా వేయలేదు. ఎంత ముద్దుగా ఉన్నావో చూసుకోమని అద్దం ఇచ్చాను. అప్పుడే తలుపు చప్పుడైంది.

రుక్కి అద్దం కింద పెట్టింది. "ఎవలొచ్చిన్రక్క? నాకోసమేనా?"

గొంతులో భయం కూడా లేదు. అన్నం ఉడికిందా అన్నట్టు అడిగింది. నాలుగు నెలల కింద పెళ్ళిచూపులకు నన్నూ ఇలాగే ముస్తాబు చేశారు. ఎవరొచ్చారని కూడా అడగకుండా వెళ్ళి చాప మీద కూర్చున్నాను. మంచివాడు దొరికాడు కాబట్టి నాకది ముచ్చటైంది. ఇంతకన్నా తేడా ఏముంది? తలుపు తీయలేదు. ఆయన కాసేపు నిలబడి వానలోనే వెళ్ళిపోయారు. పూలు తీయబోతే, "నేనే తీసుకుంటనక్క" అన్నది.

రుక్కి ఎక్కడినుంచి వచ్చిందో దుకాణంలో ఎవరో చెప్పగా అత్త చెవిన పడింది. ఆషాఢం చివరి రోజు ఆయన పట్టపగలే వచ్చి గడప బయట నిలబడ్డారు. అత్త నన్ను రేపు ఇంటికి రమ్మన్నదట. రుక్కిని సాయంత్రం బండికి హైదరాబాదులో ఏదో ఆశ్రమానికి పంపమన్నదట.

"అమ్మ మాట గూడ జర చూడాలె గద, సునందా. మంచి జాగనే" అన్నారు మెత్తగా.

ఆ మెత్తదనమే నాకు ఇష్టం. కానీ ఆ ఏజెంటు కూడా మంచి జాగనే అని ఉంటాడు. నేను వెనక్కి తిరిగి, "నీకెట్ల చెయ్యాలనుంది రుక్కీ?" అని అడిగాను. అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"మా ఊల్లె రానిచ్చేదాక ఈడనే ఉంట."

"అయితే నేను గూడ ఉంట" అన్నాను.

"మరి అమ్మకేం చెప్పాలె?"

"కోడలు రానన్నదని చెప్పుండ్రి."

ఆయన నన్ను చూశారు, తర్వాత మొదటిసారి రుక్కిని చూశారు. లోపలికి రావచ్చా అని అడిగారు, ఆమెనే.

రుక్కి ఆలోచించింది. "ఇయ్యాల వద్దు అన్నా" అన్నది.

ఆయన తలూపి, వేసుకున్న చెప్పులతోనే వెనక్కి తిరిగారు. ఈ రెండేళ్ళలో మొదటిసారి, రుక్కి వద్దంటే ఒక మగవాడు వెళ్ళిపోయాడు.